మునియప్ప ఎక్కడ నొక్కితే బతుకుతాడు?

ఆ శుక్రవారం పొద్దున అంబిక టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం బడి కమిటీ మీటింగు మొదలయ్యేలోపు నాలుగో తరగతి పిల్లల చేత కంప్యూటరు మీద ఒక కథ చదివించాలి. మీటింగుకు వచ్చిన ప్రెసిడెంటు మునియప్పకు ఆ చదువు చూపించాలి. ఆయన చూసి మెత్తబడి, వారానికొక పూట కంప్యూటరును తెలుగు క్లాసుకు ఇవ్వడానికి ఒప్పుకోవాలి. అంతే. ఇందులో ఎవరూ చావాల్సిన అవసరం లేదు.

ఆమె బడి ఉన్న గుట్టకిందపల్లి తమిళనాడులో హోసూరుకు ముప్పావు గంట బస్సు దూరం. ఆ ఊరి పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, మాలూరు చుట్టాలు వస్తే కన్నడం గలగలా మాట్లాడతారు. వాచకం తెరిస్తే మాత్రం మూడు భాషల్లోనూ ఆవలిస్తారు. పాఠాన్ని కోరస్‌గా అప్పజెప్పమంటే అందరూ అప్పజెప్పేవారే. వేలు పెట్టి ఫలానా వాక్యం చదవమంటే ఆ వేలు కాస్తా తల గోక్కోవడానికి పోతుంది. ఇదంతా ఒక ఎత్తు, ఐశ్వర్య ఒక ఎత్తు. పోయినేడు దాకా కథ కనిపిస్తే వదలని పిల్ల, ఈ ఏడు పుస్తకం తెరిచి కిటికీ బయటికి చూస్తూ కూర్చుంటోంది. ఎందుకని అడిగితే చెప్పదు. ఆ ఖాళీ చూపు గుర్తొస్తే అంబికకు రాత్రి అన్నం సయించేది కాదు.

అందుకే ఆమె హోసూరులో బ్రౌజింగ్ సెంటరుకు సాయంత్రాలు పోయి, పవర్‌పాయింట్‌లో ఒక ఆట తయారుచేసింది. కథానాయకుడి ఎద్దు తప్పిపోతుంది. దాన్ని వెతుక్కుంటూ బయల్దేరతాడు. ఒక్కో పేజీలో నాలుగే వాక్యాలు, కింద రెండు మీటలు. బావి దగ్గర చూడాలంటే ఇది నొక్కు, రోడ్డు మీద చూడాలంటే అది నొక్కు. ఏది నొక్కితే కథ అటు పోతుంది. చదవకపోతే ఏది నొక్కాలో తెలియదు. పిల్లలకు తెలియకుండా వాళ్ళ చేత చదివించే కుట్ర అది.

కథానాయకుడికి పేరు పెట్టమని పిల్లలనే అడిగింది. ఆ ఏడాదిలో మొదటిసారి ఐశ్వర్య చెయ్యెత్తింది. "మునియప్ప" అంది. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. అంబికకు అభ్యంతరం కనిపించలేదు. ఆ చుట్టుపక్కల బస్సులో ఎక్కి "మునియప్పా" అని కేకేస్తే నలుగురైనా తిరిగి చూస్తారు. ఆ నలుగురిలో కమిటీ ప్రెసిడెంటు ఒకడని, ఐశ్వర్యకు ఆయన సొంత తాత అని ఆమెకు తెలుసు. తెలిసినవన్నీ సమయానికి గుర్తొస్తే లోకంలో ఇన్ని గొడవలు ఎందుకుంటాయి?

ప్రెసిడెంటు మునియప్పకు ఈ వ్యవహారం మొదటినుంచీ నచ్చలేదు. "కంప్యూటరు కంప్యూటరు నేర్చుకొనేదానికి. కతలకు బుక్కు ఉంది గదా టీచరమ్మా? ఆ డబ్బాలో చదివితే కండ్లు పోతాయి. వచ్చే మీటింగులో గదికి తాళమేసేస్తాం" అని పోయిన మీటింగులోనే తేల్చేశాడు. హెడ్మాస్టరు ఈశ్వరప్రసాద్ ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు తలూపే మనిషి. ఆ రోజు రెండు వైపులా ఊపాడు.

పొద్దున కంప్యూటరు గదిలో ఆట మొదలైంది. మొదటి జట్టు మునియప్పను రోడ్డెక్కించింది. అతను రాష్ట్ర సరిహద్దులోని జూజువాడి చెక్‌పోస్టు దగ్గర ఎద్దు కోసం లారీలోకి తొంగి చూసి, అలసిపోయి అందులోనే నిద్రపోయాడు. లారీ బెంగళూరు వైపు కదిలింది. రెండో జట్టు కావేరిపట్నం పంపింది. అక్కడ ఒక పెళ్ళింటి ముందు తన ఎద్దులాంటిది కనిపిస్తే లోపలికి పోయాడు. పెళ్ళికొడుకు ఇంకా రాలేదని కంగారు పడుతున్నవాళ్ళు ఇతన్నే పీట మీద కూర్చోబెట్టారు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చదువుతున్నారు. తల గోక్కునే వేళ్ళన్నీ తెర మీద అక్షరాల వెంట పరుగెడుతున్నాయి. వెనకాల నిలబడ్డ అంబిక కళ్ళు తుడుచుకుంది, చాక్‌పీస్ దుమ్ము పడిందన్నట్టు.

మూడో జట్టుది ఐశ్వర్య వాళ్ళది. బావి మీట నొక్కారు. మునియప్ప బావిలోకి దిగాడు. తాడు తెగింది. "మునియప్ప బావిలో పడిపోయాడు" అని గది అదిరేలా చదివారు. కింద "మళ్ళీ మొదటికి" అనే మీట ఉంది. ఐశ్వర్య దాని మీదికి బాణం గుర్తు జరిపింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. వెంటనే అన్నం గంట కొట్టారు.

ఇళ్ళు దగ్గరున్న పిల్లలు అన్నానికి పరుగెత్తారు. వాళ్ళు అబద్ధమేమీ చెప్పలేదు. చదివింది చదివినట్టు చెప్పారు. ఏ టీచరైనా కోరుకునేది అదే.

పాల సొసైటీ ముందు క్యాన్లు కడుగుతున్న పిల్లమ్మకు మొదటి వార్త అందింది. "మునియప్ప బావిలో పడిపోయినాడు!" అని ఒక పిల్లవాడు అరుచుకుంటూ పోయాడు.

"ఏ మునియప్పరా?"

"ఎద్దు తప్పిపోయిందే, ఆ మునియప్ప!"

పిల్లమ్మ ప్రెసిడెంటు ఇంటి వైపు చూసింది. కొట్టం ఖాళీగా ఉంది. ఎద్దును పక్క పొలం వాళ్ళు దున్నకానికి తోలుకుపోయారని ఆమెకు తెలియదు. క్యాను అక్కడే వదిలేసి ఆమె రూపాయి ఫోను డబ్బా దగ్గరికి పరుగు తీసింది. కావేరిపట్నంలో అంగడి నడుపుతున్న ప్రెసిడెంటు తమ్ముడు శేషప్పకు ఫోను చేసింది. "శేషప్పా! మీ అన్న బావిలో పడినాడంట! బిరీన రా..." అనేసరికి రూపాయి అయిపోయింది. రెండో రూపాయి కోసం కొంగు ముడి విప్పుతూ ఆమె ఏడవడం మొదలుపెట్టింది.

ఈలోగా ప్రెసిడెంటు భార్య అక్కమ్మకు రెండు వార్తలు ఒకేసారి చేరాయి. ఒకడు బావి అన్నాడు, ఇంకొకడు కావేరిపట్నంలో పెళ్ళిపీట అన్నాడు. ఆమె భర్త తెల్లవారకముందే, ఎక్కడికో చెప్పకుండా, ఉతికిన చొక్కా వేసుకుని బయటపడ్డాడు. సెల్‌ఫోను ఇంట్లోనే చార్జింగుకు వేలాడుతోంది. అక్కమ్మ ఒక్క నిమిషం ఆలోచించి, చెప్పులు వేసుకుని బస్సు రోడ్డు వైపు నడిచింది.

"బాయి ఇట్లుంటే, అట్లా పోతావేమమ్మా?" అన్నారు చుట్టుపక్కలవాళ్ళు.

"బాయిలో ఉంటే ఆడే ఉంటాడు, యాడికి పోతాడు? పెండ్లంటే ముహూర్తం దాటిపోతాది" అంది అక్కమ్మ.

అన్నం డబ్బా మూత తీయబోతున్న అంబిక దగ్గరికి హెడ్మాస్టరు ఆయాసపడుతూ వచ్చాడు. "ఏం మేడమ్, ప్రెసిడెంటును ఏం చేసినారు?"

"నేనేం చేసినాను సార్?"

"బావిలో తోసినారంట గదా!"

ఆమె ప్రెసిడెంటు పొలంలోని బావి దగ్గరికి చేరేసరికి సగం ఊరు అక్కడే ఉంది. కరెంటు లేదని డీజిల్ ఇంజను పెట్టి నీళ్ళు తోడుతున్నారు. ఆ నీళ్ళు కాలువ కట్ట తెంచుకుని ప్రెసిడెంటు కళ్ళంలోకి పోయి, ఎండబోసిన రాగులను ముంచేశాయి. ఇద్దరు కుర్రాళ్ళు మోటారుసైకిలెక్కి జూజువాడి పోయారు, చెక్‌పోస్టులో లారీలు ఆపించడానికి. ఊళ్ళోకి మూడో వార్త కూడా వచ్చిందన్నమాట.

"అమ్మా, అది కతమ్మా! కంప్యూటరులో కత!" అని అంబిక అరిచింది.

గట్టు మీద కూర్చున్న ఆంజినప్ప తాత తలెత్తాడు. "కంప్యూటరులో గూడా వచ్చేసిందా? అయితే నిజమే" అని తలపాగా తీసి కింద పెట్టాడు. అది చూసి ఆడవాళ్ళు శోకాలు అందుకున్నారు.

అంబిక పిల్లలను ముందుకు నెట్టి, "మీరే చెప్పండర్రా, ఏం జరిగింది?" అని అడిగింది. అదే ఆమె చేసిన రెండో తప్పు. ఒకడు తాడు తెగిన వైనం వర్ణించాడు. ఒకతె పెళ్ళికూతురి చీర రంగు కూడా చెప్పింది, అది కథలో లేకపోయినా. జనం గుంపులో ఐశ్వర్య ఒక్కతే నిబ్బరంగా నిలబడింది. ఏడుస్తున్న ఒక పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఓదార్చింది.

"ఏడవొద్దు పెద్దమ్మా. మళ్ళీ మొదటికి నొక్కితే తాత పైకి వచ్చేస్తాడు. కరెంటు రావాల, అంతే."

"అయ్యో, బిడ్డకు మతి పోయిందే!" అని పెద్దమ్మ ఇంకా గట్టిగా ఏడ్చింది.

అంబిక గట్టు మీద కూలబడింది. కంప్యూటరు పోతుంది, సరే. తెలుగు క్లాసు పోతుందేమో. అన్నిటికంటే, ఇన్నాళ్ళకు చెయ్యెత్తిన ఆ పిల్ల మళ్ళీ కిటికీ వైపు తిరుగుతుంది. అసలు మనిషి ఎక్కడున్నాడో కూడా తెలియదు కాబట్టి, ఒక క్షణం ఆమెకే అనుమానం వచ్చింది, నిజంగా పడ్డాడేమోనని.

అప్పుడు బాడుగ వ్యాను ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. శేషప్ప దిగాడు. చేతిలో లావుపాటి చామంతి మాల, చంకలో కొత్త పంచె. అన్నదమ్ములు మాటలు మానేసి ఏళ్ళు గడిచిపోయాయి. ఇదే బావి మోటారు దగ్గర మొదటి వంతు ఎవరిదనే తగాదాలో శేషప్ప ఊరొదిలి కావేరిపట్నంలో అంగడి పెట్టుకున్నాడు. ఒకరింటి శుభకార్యానికి ఇంకొకరు పోలేదు. ఇప్పుడతను ఎవరినీ చూడకుండా వచ్చి బావి గట్టు పట్టుకుని లోపలికి వంగాడు.

"అన్నా! ఈ బాయి నువ్వే పెట్టుకో అని చెప్పిపోతే అయిపోయుండు గదన్నా! నా నోరు రాలేదు గదన్నా! నీళ్ళు నీవే, మోటారు నీదే, పైకి రాన్నా!"

ఆ ఏడుపు విని ఇంజను నడుపుతున్నవాడు కూడా ఇంజను ఆపేశాడు. అంబికకు తన భయం మరచిపోయేంత ఏడుపు వచ్చింది.

ఆ నిశ్శబ్దంలో దూరం నుంచి అక్కమ్మ గొంతు వినిపించింది. ఆమె ఎక్కాల్సిన బస్సు రాకముందే, కృష్ణగిరి నుంచి వచ్చిన ఎదురు బస్సులోంచి ఆమె భర్త దిగాడు. భుజం మీది తువ్వాలు పట్టుకుని ఆమె ఆయన్ను గట్టు మీదుగా లాక్కొస్తోంది.

"చూడండమ్మా, చూడండి! కొత్త కండ్లద్దాలు పెట్టుకొని పెండ్లికొడుకు మాదిరి దిగినాడు! యాడుంది ఆయమ్మ, చెప్పు ముందు!"

"ఏయమ్మే? కండ్ల డాక్టరు దగ్గరికి పోయినాను, అంతే! చెప్తే ఊరంతా ముసలోడంటారని చెప్పలే!" అన్నాడు మునియప్ప. ఆయన ముక్కు మీద నల్ల ఫ్రేము అద్దాలు మెరుస్తున్నాయి.

జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. ఆయన నడిచి బావి దగ్గరికి వచ్చి, గట్టు పట్టుకుని ఏడుస్తున్న మనిషిని చూశాడు. కొత్త అద్దాల్లోంచి చాలాసేపు చూశాడు. తమ్ముడి తల పూర్తిగా నెరిసిపోయింది. అది ఆయనకు ఇప్పటిదాకా తెలియదు.

"ఏంరా, ఎవరు పోయినారు?" అన్నాడు మెల్లగా.

శేషప్ప వెనక్కి తిరిగి చూశాడు. చేతిలో మాల అట్లాగే ఉంది. చావింటికి తెచ్చిన మాలను తిరిగి ఇంటికి తీసుకుపోకూడదు. బతికున్నవాడికి ఏం చెయ్యాలో అక్కడున్న పెద్దలెవరికీ తెలియదు. అందరూ ఆ మాలనే చూస్తూ నిలబడ్డారు. తరువాత, ఎవరు మొదలుపెట్టారో గాని, అందరి చూపులూ వేళ్ళూ అంబిక మీదికి తిరిగాయి.

ప్రెసిడెంటు కళ్ళంలోకి దిగి, నీళ్ళలో తేలుతున్న తన రాగులను చూశాడు. ఆగిన ఇంజనును చూశాడు. అంబికను చూశాడు. "పదండి బడికి. మీటింగు పెడదాం" అన్నాడు.

కరెంటు వచ్చింది. కంప్యూటరు గదిలో పట్టనంతమంది చేరారు, కిటికీలకు వేలాడినవారు వేరు. దారిలో కంప్యూటరు కథ సంగతంతా విన్న మునియప్ప కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు.

"నేను యాడ చచ్చిపోయినానో చూపించు టీచరమ్మా."

అంబిక ఆట తెరిచింది. ఆయన అద్దాలు సర్దుకుని, మూడో తరగతిలో నేర్చిన చదువును కూడగట్టుకుని, అక్షరం అక్షరం పట్టుకున్నాడు. "ము... ని... యప్ప... ఎద్దు... తప్పి... పోయింది." ఆగి గది చుట్టూ చూశాడు. "ఏమేయ్ అక్కమ్మా, బాగా కనబడతా ఉందే!"

కింద రెండు మీటలు. "రోడ్డు! రోడ్డు!" అని పిల్లలు అరిచారు. ఆయన పట్టుదల మనిషి, బావి నొక్కాడు. తాడు తెగింది. చచ్చిపోయాడు. మళ్ళీ మొదటికి నొక్కి, మళ్ళీ బావిలోకే దిగాడు. మళ్ళీ చచ్చాడు. మూడోసారి చావబోతుంటే ఐశ్వర్య కుర్చీ పక్కకు వచ్చి నిలబడింది.

"తాతా, నువ్వు పైన లైను చదవకుండా నొక్కతా ఉండావు. తాడు పాతదని ఈడ రాసుంది, చూడు." వేలు పెట్టి గడగడా చదివి వినిపించింది. ఒక్క తప్పు లేదు.

"ఇంత బాగా చదువుతావే! మరి ఇంట్లో బుక్కు ముట్టుకోవేం?"

ఐశ్వర్య తెర మీంచి వేలు తీసేసింది. "నువ్వు కత చదివి చెప్పేది నిలిపేసినావు గదా. నాతో అలిగినావు అనుకున్నాను. అందుకే ఆటలో నీ పేరు పెట్టమన్నాను. నేను చదివితే కతలోనన్నా నువ్వు వస్తావని."

మునియప్ప అద్దాలు తీసి తువ్వాలుతో తుడిచాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి, ఆ రోజు పొద్దున కొన్నవే గదా.

"అలగలేదు తల్లీ. అక్షరాలు కనబడలే. ఆ మాట చెప్పుకొనేదానికి నామర్దా అయింది. అందుకే బుక్కు మూసేసినాను." తరువాత తెర వైపే చూస్తూ అడిగాడు. "టీచరమ్మా, బావిలో పడినోడు తమ్ముణ్ణి పిలవాలంటే యాడ నొక్కాల?"

"ఆ మీట లేదు సార్. నేను రాయలేదు" అంది అంబిక.

"రాయమ్మా. మేము ఈడే ఉంటాము."

ఆమె అందరి ముందు టైపు చేసింది. ఊరంతా చూస్తుండడంతో వేళ్ళు రెండుసార్లు తప్పాయి. కొత్త మీట వెలిసింది. మునియప్ప దాన్ని నొక్కాడు. ఐశ్వర్య చదివింది. "మునియప్ప తమ్ముణ్ణి పిలిచాడు. తమ్ముడు కొత్త తాడు తెచ్చాడు. మునియప్ప పైకి వచ్చాడు."

గుమ్మం దగ్గర మాల పట్టుకుని నిలబడ్డ శేషప్ప తల దించుకున్నాడు. మునియప్ప లేచి అతని ముందుకు పోయి మెడ వంచాడు.

"వెయ్యిరా. పోయినోడికి వేస్తే మాల, ఉన్నోడికి వేస్తే సన్మానం. ఆ పంచె గూడా ఇట్లియ్యి, రాగుల్లో దిగి ఇది తడిసిపోయింది."

శేషప్ప మాల వేసి అన్న భుజం మీద తల పెట్టేశాడు. హెడ్మాస్టరు సమయస్ఫూర్తి గల మనిషి కాబట్టి వెంటనే చప్పట్లు మొదలుపెట్టి, ఇదంతా ముందే ఏర్పాటు చేసిన సన్మాన సభ అన్నట్టు నాలుగు మాటలు మాట్లాడాడు. అక్కమ్మ మాత్రం మొగుడి పక్కన నిలబడి, కావేరిపట్నం మీట తాను ఒకసారి నొక్కి చూడాలని, పెళ్ళికూతురు ఎవరో తేలాలని పట్టుబట్టింది.

చీకటి పడేవేళ కమిటీ తీర్మానం రాసింది. ప్రతి శుక్రవారం కంప్యూటరు తెలుగు క్లాసుది. తాతలు, అవ్వలు వచ్చి వెనక కూర్చోవచ్చు. మునియప్ప పేరు మీద ఇకపైన కథలు రాయకూడదా అని అంబిక భయపడుతూ అడిగితే, "నేను బావిలోంచి వచ్చేసినాను గదా, ఇంక చాలు. ఇంకొకరికి అవకాశం ఇయ్యండి" అన్నాడు ప్రెసిడెంటు.

కథలో ఎద్దు ఇంకా దొరకలేదు కాబట్టి, దాన్ని వెతకడానికి వచ్చే వారం హెడ్మాస్టరు ఈశ్వరప్రసాద్ గారిని పంపాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.